మా అమ్మ చూడని లైబ్రరీ

మొన్న దసరాకి ఊరెళ్ళినప్పుడు మా అమ్మ ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. గ్రామ పంచాయతీ వాళ్ళిచ్చిన ఇంటిపన్ను రసీదు. ఒక గడి మీద వేలు పెట్టి "గిదేంది బిడ్డా?" అని అడిగింది. చూస్తే 'గ్రంథాలయ పన్ను' అని ఉంది.

"లైబ్రరీకమ్మా. పుస్తకాలు, పేపర్లు సదువుకునే జాగ."

"మన ఊళ్ళె ఏడున్నది?"

"మన ఊళ్ళె లేదు. కోరుట్లల ఉన్నది గద."

"అండ్లకు మనసొంటోల్లను రానిస్తరా?"

నాకు ఏం చెప్పాలో తోచలేదు. అమ్మ పాతికేళ్ళుగా బీడీలు చేస్తోంది. పనిమీద కోరుట్లకి ఎన్ని వందల సార్లు వెళ్ళి ఉంటుందో లెక్కలేదు. తెలుగు చక్కగా చదువుతుంది. పెళ్ళికి ముందు అద్దెకి తెచ్చుకుని నవలలు చదివేదాన్నని చాలాసార్లు చెప్పింది. అలాంటి మనిషి తను పన్ను కడుతున్న లైబ్రరీలోకి తనని రానిస్తారో లేదో అని అడుగుతోంది!

ఆ పన్ను సంగతి చాలామందికి తెలియదు కాబట్టి ముందు అది చెప్తాను. 1960లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేస్తారు. పంచాయతీ అయినా మున్సిపాలిటీ అయినా వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చేయాలి. తెలంగాణ వచ్చాక కూడా ఈ పద్ధతి కొనసాగింది. అంటే మన జిల్లాల్లో సొంతిల్లు ఉండి పన్ను కట్టే ప్రతివాళ్ళూ లైబ్రరీకి అంతో ఇంతో పెట్టుబడి పెట్టినవాళ్ళే. పెంకుటిల్లయినా సరే, మూడంతస్తుల మేడయినా సరే.

మరి పెట్టుబడి పెట్టిన వాళ్ళకి ఆస్తి ఎట్లుంటదో ఒక్కసారైనా చూపించాలి కదా? ఇదీ ఈ టపాలో నేను చెప్పదలుచుకున్నది. లైబ్రరీలు గడప దాటి లోపలికి రాని వాళ్ళకి ఫోన్లో, లైవ్‌లో లోపలంతా తిప్పి చూపించాలి. ముందు నాకూ ఇది కొంచెం వింతగానే అనిపించింది. చెప్పేది పూర్తిగా విని తర్వాత తిట్టండి :)

అసలు 'వర్చువల్ టూర్' అనగానే మా సాఫ్ట్‌వేర్ జనాలకి గుర్తొచ్చేది ఒకటే. 360 డిగ్రీల కెమెరా పెట్టి ఫోటోలు తీసి, వెబ్‌సైట్లో పెట్టి, బాణం గుర్తులు నొక్కితే గది గదికీ వెళ్ళేలా చేయడం. ప్రారంభోత్సవం రోజు పెద్దవాళ్ళు ఒక బటన్ నొక్కుతారు, చప్పట్లు కొడతారు. ఆ తర్వాత దాన్ని తెరిచేవాడు ఉండడు. నా ఉద్యోగంలోనూ ఇదే చూశాను. కొత్తగా యాప్ తెరిచిన వాళ్ళకి 'ఇది ఇలా వాడండి' అని వరసగా చూపించే టూర్లు నేనూ రాశాను. ఎంత ముద్దుగా రాసినా జనం చేసే మొదటి పని 'స్కిప్' నొక్కడం. అదే ఒక మనిషి ఎదురుగా ఉండి చూపిస్తుంటే ఎవ్వరూ స్కిప్ నొక్కరు. "ఆగండి, ఇందాకటి దానికి మళ్ళీ వెళ్ళండి" అంటారు. ఆ 'ఆగండి' అన్న మాటలోనే ఉంది అసలు సంగతంతా.

ఇంకో ఉదాహరణ. కరోనా వల్ల బళ్ళు మూతపడ్డప్పుడు, 2020 సెప్టెంబర్ 1 నుంచి మన రాష్ట్రంలో టీశాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పిల్లలకి టీవీ పాఠాలు మొదలుపెట్టారు. అప్పట్లో అది అవసరమే, కాదనను. కానీ మా చిన్నమ్మ కొడుకు టీవీ ముందు కూర్చుని చెయ్యెత్తడం నా కళ్ళారా చూశాను. టీవీలో సార్‌కి ఆ చెయ్యి కనపడదు కదా. చూపించడం ఒకటి, అడగనివ్వడం ఇంకొకటి. లైవ్ అంటే రెండోది.

సరే, సలహాలు ఎవడైనా ఇస్తాడు, చేసి చూద్దాం అనుకున్నాను. దీపావళికి మళ్ళీ వచ్చినప్పుడు ఒక లైబ్రరీకి వెళ్ళాను. ఏ ఊరిదో చెప్పను. అక్కడి సార్ మంచితనం కొద్దీ ఒప్పుకున్నారు, ఆయనకి తలనొప్పి తేవడం నాకిష్టం లేదు. ఇంటి దగ్గర అమ్మ, పెద్దమ్మ, పక్కిళ్ళ వాళ్ళు ఇంకో నలుగురు, చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతూ కూర్చున్నారు. తమ్ముడు ఫోన్‌ని గోడకి ఆనించి పెట్టాడు. ఇటు నేను, సార్. వాట్సాప్ వీడియో కాల్. అంతే, ఇంకే సరంజామా లేదు.

మొదటి రెండు నిమిషాలు ఎవ్వరూ మాట్లాడలేదు. తర్వాత పెద్దమ్మ అడిగింది, "చెప్పులు ఇడిసి రావాల్నా సారూ?" అని. నవ్వొస్తుంది గానీ ఆలోచించండి. లోపలికి రావాలా వద్దా అని తేల్చుకునే మనిషికి కావలసిన మొదటి సమాచారం అదే. ఏ వెబ్‌సైట్లో రాస్తారు అది?

ఆ తర్వాత ప్రశ్నలు వరస కట్టాయి. పైసలెంత? ఊరికే కూసుని చదివితే పైసల్లేవా? ఇంటికి తీస్కపోవాలంటే? (కొంత డిపాజిట్ కట్టి సభ్యత్వం తీసుకోవాలని, మానేసినప్పుడు డిపాజిట్ వాపసు ఇస్తారని సార్ చెప్పారు.) ఆదివారం ఉంటదా? ఆడోళ్ళు కూసునే జాగ ఏది? సదువురాని వాళ్ళు వస్తే ఏమన్న అంటరా?

సార్ నవలల బీరువా దగ్గరికి తీసుకెళ్ళారు. నేను ఫోన్ మెల్లగా పక్కకి జరుపుతున్నాను. "ఆగు ఆగు, జర ఎనుకకు" అంది అమ్మ. వెనక్కి జరిపాను. "అగో, గది యద్దనపూడిది గాదూ?" సార్ బయటికి తీసి చూపించారు. 'సెక్రటరీ'. అట్ట ఊడిపోయి, అంచులు నల్లబడి ఉంది. అమ్మ ఏమీ అనలేదు. చుడుతున్న బీడీ చేతిలో అలాగే ఉండిపోయింది. పెద్దమ్మ "ఏమాయెనే?" అంటే "ఏం లేదు, నా లగ్గానికి ముందు సదివిన" అంది.

ఇదంతా కథలాగా బాగుంది కదా. అయితే ఇంకో ప్రశ్న కూడా వచ్చింది. పక్కింటి అక్క కూతురు డిగ్రీ అయిపోయి కానిస్టేబుల్ పరీక్షకి చదువుతోంది. ఆ అక్క అడిగింది, "బాత్రూం ఉన్నదా సారూ?" అని. సార్ ఒక్క క్షణం ఆగారు. ఉంది, కానీ తాళం వేసి ఉంది, నీళ్ళు రావడం లేదు అన్నారు. "మరి ఆడపిల్లలు పొద్దుందాక ఎట్ల కూసుంటరు?" అంది అక్క. ఆయన దగ్గర జవాబు లేదు. అబద్ధం చెప్పనందుకు మాత్రం నేను మనసులో దండం పెట్టుకున్నాను.

ఈ ఇరవై నిమిషాల వల్ల ఏం ఒరిగింది అంటే ఉన్నదున్నట్టు చెప్తాను. ఆ ఆరుగురిలో ఒకామె తర్వాతి వారం కొడుకుని వెంటబెట్టుకుని వెళ్ళొచ్చింది. మా అమ్మ వెళ్ళలేదు. వెయ్యి బీడీలు ఎవరు చెయ్యాలి అంటుంది. కానీ సభ్యత్వం నా పేరు మీద తీసుకుని 'సెక్రటరీ' తెచ్చిపెట్టమంది. బాత్రూం సంగతి ఇంకా తేలలేదు. వచ్చేసారి కాల్ చేస్తే మొదటి ప్రశ్న అదేనని ఆ అక్క ముందే చెప్పింది.

ఇక్కడ ఒక మాట. మనిషి లైబ్రరీకి రాకపోతే లైబ్రరీయే మనిషి దగ్గరికి పోవాలన్నది నేను కనిపెట్టిన కొత్త ముచ్చట కాదు. 1930లలో ఆంధ్ర ప్రాంతంలో పుస్తకాలని పడవల్లో పెట్టి కాలువల వెంట ఊరూరికీ తీసుకెళ్ళారు. మన దగ్గర వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, తనే పుస్తకాలు మోసుకుని తిరుగుతూ జనానికి చేర్చాడు. అంతకన్నా ముందు 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వచ్చాయి. నిజాం రాజ్యంలో సభ పెట్టుకోవాలన్నా అనుమతి కావలసిన రోజుల్లో, తెలుగు వాళ్ళు నలుగురు కలవడానికి దొరికిన చోటు లైబ్రరీ. గ్రంథాలయాలు పెట్టడం ఆంధ్ర మహాసభ పనుల్లో ఒకటి. ఆ మహాసభ నాలుగోసారి జరిగింది ఎక్కడో తెలుసా? 1935లో, మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన, మన సిరిసిల్లలోనే. వాళ్ళకి పడవ, కాలినడక దొరికాయి. మనకి ఫోన్ దొరికింది. వాళ్ళు ఉన్న సాధనం వాడారు, మనం వాడడం లేదు. తేడా అంతే.

2016 అక్టోబర్ 11న కరీంనగర్ నుంచి విడిపోయి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేరే జిల్లాలయ్యాయి. అంటే లైబ్రరీల నిర్ణయాలు తీసుకునే చోటు మనకి ఇంకాస్త దగ్గరికొచ్చింది. కాబట్టి మన మూడు ఊళ్ళని దృష్టిలో పెట్టుకునే చెప్తాను. మూడింటికీ ఒకే టూర్ పనికిరాదు, ఎందుకంటే లోపలికి రాని వాళ్ళు మూడు చోట్లా వేరు వేరు.

జగిత్యాలలో రీడింగ్ రూముకి జనం కొరత ఉండదు. గ్రూప్స్, డీఎస్సీ, పోలీస్ ఉద్యోగాలకి చదివే పిల్లలతోనే నిండుతుంది. అక్కడ రానిది చుట్టుపక్కల ఊళ్ళలోని బడి పిల్లలు. కోట బయటి నుంచి చూసి ఉంటారు, లైబ్రరీ బయటి నుంచి కూడా చూసి ఉండరు. వాళ్ళకి బళ్ళోనే, ఒక పీరియడ్‌లో, టీచర్ పక్కనుండగా చూపించాలి. పుస్తకాల నంబర్లు ఎట్లా వేస్తారు, 'నాకు పాముల మీద పుస్తకం కావాలి' అంటే ఎట్లా వెతుకుతారు అన్నది పిల్లల ఎదురుగా వెతికి చూపించాలి. దొరక్కపోతే దొరకలేదని కూడా చెప్పాలి.

కోరుట్ల వైపు బీడీలు చేసే ఆడవాళ్ళు, గల్ఫ్‌లో ఉన్న మగవాళ్ళు. ఆడవాళ్ళకి సరైన చోటు మహిళా సంఘం మీటింగ్. ఎట్లాగూ అందరూ ఒకచోట కూర్చుంటారు, చివర్లో ఒక ఇరవై నిమిషాలు అడిగితే చాలు. ఇక దుబాయ్, మస్కట్‌లలో ఉన్నవాళ్ళ సంగతి. మా బాపు పదకొండేళ్ళు అక్కడ ఉన్నాడు. ఇమోలో మాట్లాడుతూ "పిలగాడు సదువుతున్నడా?" అని రోజూ అడిగేవాడు. నేను చదువుకునే చోటు ఎట్లుంటుందో ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. శుక్రవారం అక్కడ వాళ్ళకి సెలవు ఉంటే, ఆ వీలు చూసుకుని లైబ్రరీ వాళ్ళు ఒక్క కాల్ పెడితే, "ఇదిగో అన్నా, మీ పిల్లలు కూర్చునే బల్ల ఇది" అని చూపిస్తే, ఆ తండ్రి ఇంటికి ఫోన్ చేసి ఏం చెప్తాడో నేను విడిగా రాయనక్కర్లేదు.

సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసే వాళ్ళది వేరే ఇబ్బంది. పన్నెండు గంటల పాళీ అయ్యేసరికి ఇంకెక్కడికీ పోయే ఓపిక ఉండదు. సాంచాలు నడిచే చోట ఆ చప్పుడుకి ఫోన్లో ఒక్క మాట వినపడదు. కాబట్టి టూర్ టైము లైబ్రరీకి వీలైనప్పుడు కాదు, పాళీ మారేటప్పుడు పెట్టాలి. సినారె పుట్టింది ఆ పక్కనే హనుమాజీపేటలో. 'విశ్వంభర' కావ్యానికి జ్ఞానపీఠం తెచ్చిన మనిషి ఊరికి ఇంత దగ్గర ఉంటూ, ఆయన పుస్తకం ఒక్కటైనా చేత్తో పట్టుకోని కార్మికులు ఎంతమంది ఉంటారో! ముందు ఆ అల్మారా చూపించండి.

ఇక ఇంజనీరు బుద్ధి పోదు కాబట్టి పద్ధతి కూడా రాస్తాను.

ఒకటి, యూట్యూబ్ లైవ్ వద్దు. అందులో చూపించిన దానికీ చూసేవాళ్ళకి చేరడానికీ మధ్య కొన్ని సెకన్ల ఆలస్యం ఉంటుంది. అవతలి వాళ్ళు 'ఆగు' అనేలోపు మనం రెండు బీరువాలు దాటిపోతాం. మామూలు వీడియో కాల్ నయం. వాట్సాప్ గ్రూప్ కాల్‌లో 32 మంది దాకా చేరొచ్చు, ఒక్కో ఫోన్ ముందు అయిదారుగురు కూర్చుంటే అదే ఎక్కువ. జూమ్ ఉచితంగా వాడితే 40 నిమిషాలకి ఆగిపోతుంది. ఆగిపోవడమే మంచిది, అంతకన్నా ఎక్కువసేపు ఎవరు చూస్తారు?

రెండు, ఫోన్ పట్టుకునే మనిషి, మాట్లాడే మనిషి వేరు వేరుగా ఉండాలి. ఒక్కరే రెండు పనులూ చేస్తే సగంసేపు ఫ్యాను, పైకప్పు కనిపిస్తాయి (నా అనుభవం). ముందు రోజు ఒకసారి లోపలంతా తిరిగి సిగ్నల్ ఎక్కడ పోతుందో చూసుకోవాలి.

మూడు, ఇది అన్నిటికన్నా ముఖ్యం. అక్కడ చదువుకుంటున్న వాళ్ళ మొహాలు, ముఖ్యంగా ఆడపిల్లల మొహాలు, అడక్కుండా చూపించకూడదు. కాల్ రికార్డు చేయకూడదు. ఇంట్లో గొడవపడి లైబ్రరీకి వచ్చి చదువుకునే అమ్మాయిలు ఉంటారు. వాళ్ళకున్న ఒక్క చోటుని మనం పాడుచేయొద్దు.

నాలుగు, ఎంతమంది చూశారు అన్న లెక్క వద్దు. నెల తర్వాత ఎంతమంది కొత్తవాళ్ళు లోపలికి వచ్చారు, ఏం అడిగారు అన్నది ఒక నోటుబుక్కులో రాస్తే చాలు.

దీనికి మా ఫ్రెండు అన్న మాట: "లైబ్రరీల్లో సిబ్బంది లేరు, కొత్త పుస్తకాలు లేవు, ముందు అవి చూడకుండా ఈ ఫోన్ వేషాలెందుకురా?" న్యాయమైన ప్రశ్నే. ఒక్క మనిషితో నడిచే లైబ్రరీలో ఆయన తలుపు తియ్యాలా, పేపర్లు సర్దాలా, టూర్ పెట్టాలా? అందుకే నెలకి ఒకటి చాలంటున్నాను. ఫోన్ పట్టుకోవడానికి అక్కడ చదువుకునే పిల్లల్లో ఒకరు రారా? అదీ కష్టమంటే, ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు ఎట్లాగూ చేస్తారు. ఉపన్యాసాలు, శాలువాలు, వ్యాసరచన పోటీలు. వచ్చేవాళ్ళు మళ్ళీ రోజూ వచ్చేవాళ్ళే. ఆ ఏడు రోజుల్లో ఒక్క రోజు శాలువాలు ఆపి, రాని వాళ్ళకి మూడు కాల్స్ చెయ్యండి. ఖర్చు శాలువా కన్నా తక్కువే.

కానీ ఆ ప్రశ్నకి అసలు జవాబు ఇది కాదు. పుస్తకాలు లేవని, నీళ్ళు లేవని ఇప్పటిదాకా అడిగింది ఎవరు? లోపలికి వచ్చే కొద్దిమంది. వాళ్ళు పరీక్షలు అయిపోగానే వెళ్ళిపోతారు. మిగతా వేలమందికి లోపల ఏముందో, ఏం లేదో తెలియదు కాబట్టి అడగరు. అడిగేవాళ్ళు లేరు కాబట్టి పన్ను డబ్బు జమ కాకపోయినా, అయి ఖర్చు కాకపోయినా పట్టించుకునేవాళ్ళు లేరు. ఆ రోజు బాత్రూం గురించి అడిగిన అక్క లైబ్రరీలో కాలు కూడా పెట్టలేదు. అయినా ఇరవై నిమిషాలు చూసేసరికి ఆ లైబ్రరీ మీద ఆమెకి హక్కు వచ్చేసింది. నిజానికి ఆ హక్కు రసీదు రూపంలో ఏళ్ళ తరబడి ఆమె ఇంట్లోనే ఉంది, ఆమెకి తెలిసింది మాత్రం ఆ రోజే.

అందుకే లైబ్రరీ సార్లకి, మేడమ్‌లకి నా విన్నపం ఒక్కటే. టూర్ పెట్టే రోజున రంగులు వేయించకండి, తోరణాలు కట్టకండి. చిరిగిన పుస్తకం, ఖాళీ అల్మారా, తాళం వేసిన తలుపు, అన్నీ చూపించండి. మీకు చెడ్డపేరు వస్తుందని భయపడకండి. ఆ తాళం తీయించమని మీ తరఫున అడిగేవాళ్ళు పుట్టేది అక్కడే.

అన్నట్టు, 'సెక్రటరీ' అమ్మ నాలుగు రోజుల్లో చదివేసింది. పగలు బీడీలు, రాత్రి పుస్తకం. తిరిగి ఇచ్చేటప్పుడు "ఈసారి నేనే పోయి ఇంకోటి తెచ్చుకుంట, చెప్పులు ఇడువ పన్లేదు గద" అంది. ఇంకా వెళ్ళలేదు. వెళ్తుందనే నా నమ్మకం.

మీ ఇంటిపన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. ఆ గడి కనిపిస్తే మీ అమ్మకి కూడా చూపించండి.